మర్యాదస్తుల ఊరు

ఉద్యోగం మీద విదేశాల్లో కాపురం పెట్టబోయేవాళ్లకు ఆ ఊరెలా ఉంటుందో ముందుగా వెళ్లి, చూసి వచ్చి చెప్పడం ఒకప్పుడు నా పనుల్లో ఒకటి. ఇల్లు ఎక్కడ దొరుకుతుంది, బియ్యం ఏ కొట్లో అమ్ముతారు, పిల్లల్ని ఏ బడిలో వేయాలి, జ్వరం వస్తే ఎవరి దగ్గరికి పరుగెత్తాలి, ఇలాంటివి. పదేళ్లలో ఏడెనిమిది ఊళ్ల గురించి రాశాను. వాటిని నమ్మి వెళ్లినవాళ్లు చాలామంది సుఖంగానే ఉండి వచ్చారు. ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికన్నా మొదటి రిపోర్టు గురించి. అందులో నేను అబద్ధం రాశాను.

మీరు ఇప్పుడు ఏ ఊరికి వెళ్లాలన్నా ఫోనులో పేరు కొడితే చాలు, ఆ వీధిలో ఎన్ని చెట్లున్నాయో కూడా తెలిసిపోతుంది. తొంభైల చివర్లో అలా కాదు. నేను టైపు చేయించిన పన్నెండు పేజీలు తప్ప, వెళ్లిన ఐదు కుటుంబాలకూ వేరే ఆధారం లేదు.

నేను పుట్టి పెరిగింది బెంగళూరు కాటన్‌పేటలో. మా తాత హిందూపురం వైపు నుంచి వచ్చి గోనెసంచుల వ్యాపారం పెట్టాడు. మా అన్నలు అందులోనే ఉండిపోయారు. నేనొక్కణ్ణే ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీలో గుమస్తాగా చేరాను. ఇరవై ఏళ్ల సర్వీసుకు అడ్మిన్ మేనేజర్నయ్యాను. స్టాఫు బస్సులు, క్యాంటీను, తోటపని, గేటు కాపలా, అన్నీ నా కిందే. నలభైమంది నా మాట మీద నడిచేవాళ్లు. నేను గేటు దగ్గరికి వస్తే కాపలావాళ్లు కుర్చీల్లోంచి లేచేవారు. నాకది బాగుండేది. గొప్ప చెప్పుకోవడానికి అనడం లేదు. తర్వాత నేను చేసిన పనికి మూలం అక్కడే ఉంది.

ఐరోపాలో ఒక ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేరు రాసిపెట్టే పని మా కంపెనీకి వచ్చింది. ఐదుగురు ఇంజనీర్లు కుటుంబాలతో సహా వెళ్లి రెండేళ్లు అక్కడే ఉండాలి. ఆ ఫ్యాక్టరీవాళ్లకు రెండు ఊళ్లలో ఆఫీసులున్నాయి. ఒకటి ఖరీదైన మహానగరం. రెండోది ఒకప్పుడు రాజులేలిన పాత ఊరు. నది, కొండమీద కోట, ఆరువందల ఏళ్ల నాటి రాతి వంతెన, ఖర్చు మాత్రం మొదటి ఊళ్లో సగం. ఆ ఊరి పేరు చెప్పను. కొందరు కుర్రాళ్లు చేసినదాన్ని ఒక ఊరికంతా అంటగట్టడం న్యాయం కాదు.

మా జి.ఎం. గారు మైసూరు మనిషి. మనసులో చవక ఊరే ఖాయం చేసుకున్నారు. "ఒమ్మె నోడ్కొండు బన్ని. బాగుందని మీరు రాస్తే ఇంకేం కావాలి" అన్నారు నవ్వుతూ. ఒకసారి చూసి రమ్మని. తప్పును ఆయన మీదికి నెట్టడం నాకు సులువే. కానీ ఆయన ఏదీ దాచమనలేదు.

నలభై తొమ్మిదేళ్ల వయసులో మొదటిసారి విమానం ఎక్కాను. అక్కడ చలిగా ఉంటుందని మా ఆవిడ ముదురు గోధుమరంగు ఉన్నితో టోపీ అల్లి ఇచ్చింది.

ఇళ్లు చూపించడానికి అక్కడ ఒకామె కుదిరింది. నా వయసే ఉంటుంది. ఒకప్పుడు బడిలో రష్యన్ భాష చెప్పేదట. ప్రభుత్వం మారాక ఆ భాష ఎవరికీ అక్కర్లేకపోయింది. అందుకని విదేశీయులకు అద్దె ఇళ్లు చూపించి బతుకుతోంది. మాటలు వెతుక్కుంటూ ఇంగ్లీషు మాట్లాడేది. మొదటి నాలుగు రోజులు పాత ఊరంతా తిప్పింది. వంతెన మీద నల్లబడిన రాతి విగ్రహాలు, గంట కొట్టగానే బొమ్మలు బయటికొచ్చే గడియారం, సందులన్నీ రాళ్లు పరిచినవి. మూడు ఫిల్ము రోళ్లు అయిపోయేదాకా ఫోటోలు తీశాను. అట్టపెట్టెల్లో అమ్మే బియ్యం దొరికాయి. పప్పు ఒక అరబ్బు కొట్లో దొరికింది. అన్నీ నోట్సు రాసుకున్నాను.

అయితే ఆ పాత ఊళ్లో ఇళ్లు యాత్రికుల కోసం. మావాళ్లకు కంపెనీ ఇచ్చే అద్దెకు దొరికేవి ట్రాము ఆఖరి స్టాపు దగ్గరున్న కాలనీలో. ఒకే అచ్చులో పోసినట్టుండే ఎనిమిదంతస్తుల భవనాలు. ఐదో రోజు ఆమెతో కలిసి వెళ్లి రెండు ఇళ్లు చూశాను. ఆరో రోజు ఆమె తన తల్లిని డాక్టరుకు చూపించాలంది. "నేనొక్కణ్ణే వెళ్తాను, బెంగళూరు సిటీ బస్సుల్లో పెరిగినవాణ్ణి" అన్నాను.

మూడో ఇంటి యజమాని తలుపు తీశాడు, నన్ను చూశాడు, ఏదో ఒక్క మాట అని మూసేశాడు. ఇల్లు తప్పు వచ్చానేమోనని చీటీలో నంబరు చూసుకున్నాను. సరైనదే. మళ్లీ బెల్లు కొట్టాను. లోపల నడుస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. తలుపు మాత్రం తీయలేదు.

తిరుగు ట్రాములో సాయంత్రం నాలుగింటికి సగం సీట్లు నిండి ఉన్నాయి. గుండు గీయించుకున్న కుర్రాళ్లు ముగ్గురు ఎక్కారు. పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో. ఒకడు వచ్చి నా తలమీది టోపీ లాక్కున్నాడు. దాన్ని తను పెట్టుకుని కోతిలా గంతులేశాడు. ముగ్గురూ దాన్ని ఒకరి మీదికి ఒకరు విసురుకున్నారు. నేను లేచి చేయి చాచాను. మళ్లీ కూర్చున్నాను. చుట్టూ పదిహేనుమంది పెద్దవాళ్లు ఉన్నారు. నా ఎదుటి సీట్లో ఉన్న ముసలామె ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

అప్పుడు నేను నవ్వాను.

ఎందుకు నవ్వానో చెప్పలేను. వాళ్లు సరదాకి చేస్తున్నట్టు, ఆ సరదాలో నేనూ ఉన్నట్టు, పళ్లు కనిపించేలా నవ్వాను. వాళ్లకది ఇంకా నచ్చింది. ఒకడు వంగి నా కోటు మీద ఉమ్మాడు. స్టాపు రాగానే టోపీని రోడ్డు మీదికి విసిరేసి దిగిపోయారు. అప్పటికీ నా ముఖం మీద నవ్వు అలాగే ఉంది. తర్వాతి స్టాపులో దిగి, దారి తెలియకపోయినా నడుచుకుంటూ హోటలుకు చేరాను. సింకులో కోటు రెండుసార్లు కడిగాను.

మర్నాడు పొద్దున ఇళ్లు చూపించే ఆమె హోటలుకు వచ్చింది. ఆరని కోటు నా చేతిమీద చూసి, "నిన్న ట్రాములో ఏమైనా జరిగిందా?" అని అడిగింది. జరిగింది చెప్పాను. నవ్విన సంగతి తప్ప.

ఆమె తల వంచుకుంది. తర్వాత ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ అంది: "ఆ కాలనీలో ఇది మొదటిసారి కాదు. మావాళ్లందరూ అలాంటివాళ్లు కారు. అయినా మీ రిపోర్టులో ఇది రాయండి. అద్దె ఎక్కువైనా ఊరి మధ్యలో ఇళ్లు తీసుకోమనండి. చీకటిపడ్డాక ఆ ట్రాములో ఒంటరిగా ఎక్కొద్దని చెప్పండి. ఇది నా ఊరు. చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. అయినా చెబుతున్నాను."

తప్పకుండా రాస్తానన్నాను.

విమానంలో కాగితాలు తీశాను. ట్రాము సంగతి రెండు వాక్యాలు రాసి చదువుకున్నాను. ఈ కాగితం జి.ఎం. చదువుతారు. టైపిస్టు చదువుతుంది. మర్నాటికల్లా క్యాంటీనులో తెలుస్తుంది. నేను గేటు దగ్గరికి వెళ్తే కాపలావాళ్లు లేస్తారు, లేస్తూ ఈయన కోటు మీదే కదా ఉమ్మారు అనుకుంటారు. ఆ రెండు వాక్యాలూ కొట్టేశాను. దాని కింద, "ప్రజలు మితభాషులు, మర్యాదస్తులు. ట్రాములు సమయానికి వస్తాయి" అని రాశాను. రెండో వాక్యం నిజమే.

ఆమె సిగ్గుపడి నిజం చెప్పింది. నేను సిగ్గుపడి అబద్ధం రాశాను.

ఇంటికి రాగానే మా ఆవిడ పెట్టె సర్దుతూ, "టోపీ యాడ? కనపడలేదే" అంది.

"హోటల్లో మర్చిపోయినా."

"పోనీలెండి, ఇంకోటి అల్లుతా" అంది. అబద్ధం ఒకసారి ఇంట్లో చెల్లితే ఆఫీసులో చెల్లించడం కష్టమేమీ కాదు.

మరుసటి వారం క్యాంటీనులో తెల్లగుడ్డ కట్టి ఫోటోలు వేసి చూపించాం. వెళ్లబోయే ఐదుగురినీ కుటుంబాలతో రమ్మన్నాం. కోట వచ్చినప్పుడు చప్పట్లు, గడియారం వచ్చినప్పుడు చప్పట్లు. జి.ఎం. గారు ముందు వరసలో కూర్చుని మురిసిపోతున్నారు. నేను కర్ర పట్టుకుని, ఆ ఊరు నా చేతులతో కట్టినట్టు వివరిస్తున్నాను.

ఐదుగురిలో ఒకాయన ఒంగోలు నుంచి వచ్చినవాడు. ముప్పై రెండు, ముప్పై మూడేళ్లుంటాయి. నెమ్మదస్తుడు. భార్య ఇక్కడ ఒక స్కూల్లో లెక్కల టీచరు. ఆరేళ్ల పాప. వాళ్లు క్రైస్తవులు. ఆమె చర్చి గాయక బృందంలో పాడుతుంది. నది ఒడ్డునున్న పాత చర్చి ఫోటో వేసినప్పుడు ఆమె ముందుకు జరిగి కూర్చోవడం చూశాను.

అన్నీ అయ్యాక ఆమె చెయ్యెత్తింది. "సార్, ఒకటి అడగనాండీ? ఇళ్లూ కొట్లూ అన్నీ చెప్పారు. అక్కడ మనలాంటోళ్లని ఎట్టా చూస్తారండీ?"

వెళ్లబోయేవాళ్లందరికీ లోపల ఉన్న ప్రశ్న అదే. అడిగింది ఆమె ఒక్కతే.

"ఎంతో మర్యాదగా చూస్తారమ్మా. మన మెజెస్టిక్ బస్‌స్టాండులో కంటే మేలు" అన్నాను.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి చేయి దించింది. ఆ వారమే స్కూల్లో రాజీనామా ఇచ్చింది.

ఎండాకాలం చివర ఐదు కుటుంబాలూ వెళ్లాయి. ఆఖరి స్టాపు కాలనీలోనే దిగాయి. మొదట్లో మంచి ఉత్తరాలే వచ్చాయి. ఒంగోలాయన భార్య నా పేరున ఒక కార్డు పంపింది. పాత చర్చి బొమ్మ. వెనక, "మీరు చెప్పినట్టే ఊరు చాలా అందంగా ఉంది సార్" అని రాసింది. దాన్ని నా బల్ల అద్దం కింద పెట్టుకున్నాను. చలికాలం వచ్చాక ఉత్తరాలు తగ్గాయి. పని ఒత్తిడి అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

డిసెంబరు నెలలో, మధ్యాహ్నం భోజనానికి లేవబోతుండగా ఫోను మోగింది. అవతల ఐదుగురిలోనే ఇంకొకాయన.

"సార్, మన ఒంగోలు ఆయన్ని నిన్న ఈవెనింగ్ ట్రాము స్టాపులో కొట్టారు సార్. ముగ్గురో నలుగురో. హాస్పిటల్లో ఉన్నారు. తలకి దెబ్బలు, దవడ విరిగింది. పోలీసులు వచ్చి రాసుకెళ్లారు."

"ఏ స్టాపు?" అన్నాను. అడగాల్సిన ప్రశ్న అది కాదు.

"లాస్ట్ స్టాపు సార్."

అద్దం కింది కార్డు ఆ సాయంత్రమే తీసి సొరుగులో పెట్టాను.

మూడు వారాలు అక్కడి ఆసుపత్రిలో ఉంచి, ఆయన్ని బెంగళూరు ఆసుపత్రికి తీసుకొచ్చారు. విమానాశ్రయానికి కారు పంపాను, పూలగుత్తి పంపాను. నేను వెళ్లలేదు. నాలుగు రోజులు ఏదో ఒక సాకు దొరికింది. ఐదో రోజు పళ్లు కొనుక్కుని ఆసుపత్రికి వెళ్లాను.

ఆయన మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. దవడ తీగలతో కట్టేశారు. పళ్ల సందుల్లోంచి మాట్లాడుతున్నాడు. నన్ను చూడగానే లేవబోయాడు.

"సారీ సార్. ప్రాజెక్ట్ మధ్యలో వచ్చేయాల్సొచ్చింది."

లేవొద్దని చేత్తో సైగ చేశాను.

"నేనే ఏదో తప్పు చేసుంటాను సార్. వాళ్ల వంక చూడకుండా ఉండాల్సింది. మిగతా నలుగురూ బానే ఉన్నారు కదా. నాకే ఎందుకయింది? అదే ఆలోచిస్తున్నా."

ఆయన భార్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. మనిషి చిక్కిపోయింది. ఎప్పుడూ చీరలో చూసినామె ప్యాంటు, పొడుగు కోటు వేసుకుని ఉంది. బెంగళూరులో ఆ కోటు అక్కర్లేదు. అయినా వేసుకునే ఉంది. ఆమె నా వైపు తిరిగి, భర్తకు వినపడేలా స్పష్టంగా అడిగింది.

"సార్, మీరు కూడా ఆ ఊళ్లో తిరిగారు కదండీ. ఆ ట్రాములే ఎక్కారు కదండీ. మీకు ఇట్టాంటిదేమీ జరగలేదా?"

ఆయన కూడా నా వంక చూశాడు.

"లేదమ్మా" అన్నాను.

ఆమె నన్నే చూసింది. తర్వాత ఆయన తల కింద దిండు సర్దింది. నేను పళ్లు అక్కడ పెట్టి, గబగబా వచ్చేశాను.

మిగిలిన నాలుగు కుటుంబాలకు ధైర్యం చెప్పి రమ్మని జి.ఎం. గారు నన్నే పంపారు. రెండోసారి ఆ ఊరు చేరాను. ఆదివారం మధ్యాహ్నం ఒకరింట్లో నలుగురూ కుటుంబాలతో కలిశారు. పప్పు, అన్నం, ఆ దేశపు దోసకాయతో పచ్చడి. భోజనాలయ్యాక ఒకామె మొదలుపెట్టింది. తన మీద ఎవరో గుడ్లు విసిరారట, అక్టోబరులో. ఆమె మాట పూర్తికాకుండానే ఇంకొకాయన, తన భుజం మీద ఒకడు సిగరెట్టు ఆర్పాడన్నాడు. మరొకరి ఇంట్లో ఇల్లాలు మూడు నెలలుగా గడప దాటలేదు. వాళ్లు ఒకే భవనంలో, పై కింద అంతస్తుల్లో ఉంటున్నారు. అయినా ఒకరి సంగతి ఒకరికి ఆ రోజే తెలిసింది.

"మరి ఎవరికీ చెప్పలేదేం?" అన్నాను.

"ఏమని చెప్తాం సార్?" అంది గుడ్లు విసిరించుకున్నామె. "ఇక్కడి జనం మర్యాదస్తులని మీరు రాశారు కదా. అందరికీ మర్యాద దొరికి మాకు దొరకలేదంటే, మాలోనే ఏదో లోపం ఉందనుకున్నాం."

కొట్టేసిన రెండు వాక్యాలు వాళ్లను జాగ్రత్తపడకుండా మాత్రమే చేశాయని అప్పటిదాకా అనుకున్నాను. అంతకంటే పెద్దపని చేశాయి అవి. ఐదు కుటుంబాల నోళ్లు నొక్కేశాయి. జరిగింది నోరు తెరిచి ఒకరితో ఒకరు చెప్పుకుని ఉంటే కలిసి నడిచేవాళ్లు, కలిసి ట్రాము ఎక్కేవాళ్లు. ఒంగోలాయన ఆ సాయంత్రం ఒంటరిగా ఆ స్టాపులో దిగేవాడు కాదు.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. నాకూ జరిగింది అంటే సరిపోయేది. నేను నోట్సు పుస్తకం తీసి, "ఒక్కొక్కరే చెప్పండి, అన్నీ రాసుకుంటాను" అన్నాను.

మర్నాడు బజారులో, రష్యన్ టీచరుగా పనిచేసినామె రోడ్డు అవతల నడుచుకుంటూ రావడం చూశాను. పక్కనే ఉన్న బొమ్మల కొట్లోకి దూరి, ఆమె దాటిపోయేదాకా చెక్కబొమ్మలు తిరగేస్తూ నిలబడ్డాను.

రెండో రిపోర్టు చాలా నిజాయితీగా రాశాను. అందరి అనుభవాలూ పెట్టాను, నాది తప్ప. దాన్ని చూసి కంపెనీ ఆ కుటుంబాలను ఊరి మధ్యలోకి మార్చింది, ఆఫీసుకు వెళ్లిరావడానికి వ్యాను పెట్టింది. ఆపైన ఏ దేశానికి ఎవరిని పంపినా ముందు అక్కడున్నవాళ్లతో మాట్లాడించాలని నియమం వచ్చింది. జి.ఎం. గారు నాకు మెచ్చుకోలు ఉత్తరం ఇచ్చారు. ఒంగోలాయన ఆరు నెలల తర్వాత వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. వెళ్లేముందు నా గదికి వచ్చి నమస్కారం పెట్టి మరీ వెళ్లాడు.

ఏడేళ్లు గడిచాయి. రెండువేల ఏడులో రిటైరయ్యాను. వీడ్కోలు సభలో జి.ఎం. గారు మాట్లాడుతూ, "ఈయన రాసిన ఒక రిపోర్టు వల్ల ఎన్నో కుటుంబాలు క్షేమంగా ఉన్నాయి. చేదు నిజాన్ని కాగితం మీద పెట్టడానికి గుండె ధైర్యం కావాలి" అన్నారు. దండ మెడలో ఉంది. తల దించుకున్నాను. వినయమనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఇంటికి వచ్చి మా ఆవిడకు జరిగింది చెప్పాను.

"ఇన్నేండ్లు నాతో గూడ చెప్పకుండా ఎట్లుంటిరి?" అంది. మళ్లీ తనే, "నాకు చెప్తే ఏమొస్తాది? దెబ్బలు తిన్న ఆయప్ప ఉండాడు గదా. ఆయప్పకు పోయి చెప్పండి" అంది.

పాత స్నేహితుల ద్వారా అడ్రసు కనుక్కున్నాను. సర్జాపుర రోడ్డులో కొత్తగా లేచిన అపార్టుమెంటు. ఒక శనివారం పొద్దున వెళ్లాను. ఆమె తలుపు తీసింది. గుర్తుపట్టింది. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. ఆయన కూరగాయలకు వెళ్లాడట.

గ్లాసు కింద పెట్టి, ఇంటి దగ్గర అనుకుని వచ్చిన మాటలు మొదలుపెట్టాను. "అమ్మా, ఆసుపత్రిలో మీరు నన్నొకటి అడిగారు..."

"నాకు తెలుసండీ" అంది.

నాకు అర్థం కాలేదు.

"అక్కడ ఇళ్లు చూపించేవారే, ఆ టీచరు గారు. మా వారు అక్కడి హాస్పిటల్లో ఉన్నప్పుడు రోజూ వచ్చేవారు. మీ ఆఫీసరుకి కూడా ట్రాములో ఇట్టాగే చేశారమ్మా, రాయమని చెప్పాను, ఎందుకు రాయలేదో అని ఏడ్చారు. మా వారితో చెప్పాను. నమ్మలేదు. నన్ను ఓదార్చడానికి అంటున్నావు, సార్‌కి జరిగుంటే రాయకుండా ఉంటారా అన్నారు." ఆమె గొంతు పెంచలేదు. "అందుకనే ఆయన ముందు మిమ్మల్ని అడిగానండీ. మీ నోటితో వింటే నమ్ముతారని."

ఆ రోజు ఆమె అడిగింది నా అబద్ధం బయటపెట్టడానికి కాదు. భర్తను నిలబెట్టడానికి నా దగ్గర ఒక్క మాట అప్పు అడిగింది. నేను లేదన్నాను.

"ఆ రోజు నేనేం తప్పు చేశాను, ఎక్కడ చూశాను, ఎట్టా నిలబడ్డాను, ఇప్పటికీ ఇదే ఆలోచనండీ ఆయనకి. వస్తారు, ఉండండి. చెప్పి వెళ్లండి" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆయన సంచీతో వచ్చాడు. జుట్టు అక్కడక్కడా నెరిసింది. "సార్! మీరా!" అని ఎంతో సంతోషపడ్డాడు. నా పక్కనే సోఫాలో కూర్చున్నాడు. నేను ఆయన ముఖం చూడలేక, నేల చూస్తూ చెప్పడం మొదలుపెట్టాను. మూసుకున్న తలుపు, ముగ్గురు కుర్రాళ్లు, టోపీ, ఉమ్ము, విమానంలో కొట్టేసిన వాక్యాలు, క్యాంటీనులో చెప్పిన మాట, ఆసుపత్రిలో చెప్పిన మాట. గొంతు పైకి రాలేదు. అలాగే చివరిదాకా చెప్పి తలెత్తాను.

ఆయన ముఖంలో ఇందాకటి చిరునవ్వే ఉంది, కొంచెం ఇబ్బందిగా.

"సార్, ఏమనుకోకండి. ఈ చెవి వినపడదు. అప్పటి దెబ్బకే పోయింది. ఇటు పక్కకొచ్చి కాస్త గట్టిగా చెప్తారా?"

లేచి అటు పక్కకు వెళ్లి కూర్చున్నాను. మళ్లీ మొదట్నించి చెప్పాను. ఈసారి గట్టిగా, వంటింట్లోకి వినిపించేలా. మొదటిసారి వదిలేసినది కూడా ఈసారి నోటికి వచ్చేసింది. వాళ్లు టోపీ ఎగరేస్తుంటే నేను నవ్వానని, ఉమ్మాక కూడా ఆ నవ్వు పోలేదని. ఆ ఒక్కటీ అప్పటిదాకా మా ఆవిడతో కూడా అనలేదు.

ఆయన చిరునవ్వు పోయింది. తిడతాడనుకున్నాను. తిట్టించుకోవాలనే వచ్చాను.

తన అరచేతులు చూసుకున్నాడు. వంటింటి గుమ్మంలోకి ఆయన భార్య వచ్చి నిలబడింది.

"నేనూ నవ్వాను సార్" అన్నాడు. "వాళ్లు చుట్టుముట్టినప్పుడు. నవ్వితే వదిలేస్తారనుకున్నా."

గుమ్మంలో ఉన్నామె పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాట ఆమె కూడా అప్పుడే వింటోందని నాకు అర్థమైంది.